చూపు తగ్గిన మా నాన్నగారికి వినిపించడానికి మంచి ఖగోళ పాడ్‌కాస్ట్‌లు చెప్పండి

నాగావళి_అమ్మాయి | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. మా నాన్నగారు 32 ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. నీటికాసుల వల్ల రెండేళ్లుగా చూపు దాదాపు పోయింది. వెలుగు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. ఇన్నాళ్లూ సైన్సు పత్రికలు తెప్పించుకుని చదివిన మనిషి. ఇప్పుడు పొద్దస్తమానం టీవీ వార్తల గోల వింటూ కూర్చుంటున్నారు. అది చూడలేకపోతున్నాను.

మొన్న ఇయర్‌ఫోన్ పెట్టి, ఫోన్లో ఒక ఇంగ్లీషు సైన్సు పాడ్‌కాస్ట్ వినిపించాను. పది నిమిషాలకే తీసేశారు. "విషయం బాగుందమ్మా, కానీ వాళ్లు నవ్వుకోవడమే ఎక్కువగా ఉంది. ఆ పరుగు నేను అందుకోలేను" అన్నారు. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, కానీ పుస్తకం ఇంగ్లీషు. అమెరికా వాళ్లు గబగబా మాట్లాడితే అందదు.

నిదానంగా, విషయం సూటిగా చెప్పేవి ఏవైనా ఉంటే చెప్పండి. నక్షత్రాలు, గ్రహాలంటే ఆయనకి ప్రాణం. తెలుగులో ఉంటే మరీ మంచిది.

చీపురుపల్లి_ప్యాసింజర్ | శనివారం, రాత్రి 9:15

అమ్మా, నేను ఆముదాలవలసలో రైలెక్కి రోజూ విజయనగరం వెళ్లి వస్తాను. నాలుగేళ్లుగా ఆ ప్రయాణమంతా పాడ్‌కాస్ట్‌లతోనే గడుస్తోంది. నా అనుభవం చెప్తాను.

మొదటగా 'ఆస్ట్రానమీ కాస్ట్' పెట్టి చూడండి. 2006 నుంచి వస్తోంది. ఫ్రేజర్ కెయిన్ అనే జర్నలిస్టు అడుగుతాడు, పమేలా గే అనే ఖగోళ శాస్త్రవేత్త చెబుతారు. వారానికి ఒక్క విషయమే, దాదాపు అరగంట. మనకి వచ్చే సందేహాలే అతనూ అడుగుతాడు కాబట్టి క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నట్టుంటుంది. మాస్టారికి ఆ పద్ధతి నచ్చుతుందనుకుంటాను.

మీరు మొన్న వినిపించింది నీల్ డిగ్రాస్ టైసన్ 'స్టార్‌టాక్' లాంటిది అయ్యుంటుంది. అందులో పక్కన ఒక కమెడియన్ ఉంటాడు. నాకది ఇష్టమే. అలసిపోయి ఇంటికొచ్చేటప్పుడు హాయిగా ఉంటుంది. బీబీసీ వాళ్ల 'ఇన్ఫినిట్ మంకీ కేజ్' కూడా అంతే, ఎదురుగా జనం ఉంటారు, నవ్వులు వినిపిస్తాయి. పెద్దవాళ్లకి మాత్రం ముందు అవి వద్దు.

ఇంకో మాట. ఆప్‌లో వేగం 0.75కో 0.8కో తగ్గించండి. మా మావయ్యకి అలా పెట్టి ఇస్తే నెల రోజుల్లో ఆ యాసకి అలవాటు పడిపోయి, ఇప్పుడు మామూలు వేగంలోనే వింటున్నారు.

సోంపేట_సైన్సు | శనివారం, రాత్రి 9:50

'స్టార్‌డేట్' కూడా చూడండి మేడం. టెక్సాస్ విశ్వవిద్యాలయం మెక్‌డోనాల్డ్ అబ్జర్వేటరీ వాళ్లది, 1978 నుంచి రేడియోలో వస్తోంది. రోజూ రెండు నిమిషాలే. రాసింది చదువుతారు కాబట్టి ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది. ఆ రాసింది వెబ్‌సైటులో కూడా పెడతారు. ఏదైనా మాట అందకపోతే మీరు చదివి వినిపించొచ్చు. నేను మా తొమ్మిదో తరగతి పిల్లలకి దాంతోనే మొదలుపెట్టాను.

బొబ్బిలి_వీణ | శనివారం, రాత్రి 10:30

నేను రేడియో కాలం వాడిని. 1990ల మొదట్లో మానవ పరిణామం మీద ఆకాశవాణి 144 భాగాల సైన్సు ధారావాహిక వేసింది. అనేక భారతీయ భాషల్లో వచ్చింది. మా బొబ్బిలిలో సాయంత్రం పూట టీ కొట్టు దగ్గర నిలబడి విన్నవాళ్లలో నేనొకణ్ణి. ఒక్క బొమ్మ లేకుండా ఆదిమానవుడు కళ్ల ముందు తిరిగాడు. కాబట్టి చెవితో సైన్సు నేర్చుకోవడం మనకి కొత్త కాదు. మాస్టారు కూడా అది వినే ఉంటారు, అడిగి చూడండి.

గరివిడి_కుర్రాడు | ఆదివారం, ఉదయం 7:05

తప్పుగా అనుకోకండి అక్కా. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. చరిత్ర, వైద్యం లాంటివైతే వినొచ్చు. ఖగోళం అంటే చూడాల్సింది కదా? శనిగ్రహం వలయాలు వింటే ఏం తెలుస్తుంది? చూపున్న నాకే ఫొటో లేకపోతే బుర్రకెక్కదు. ఆయనకి ఇంకా బాధ కలుగుతుందేమో. ఫిజిక్స్‌లో వేరే విషయాలు వినిపిస్తే మంచిది కదా?

సోంపేట_సైన్సు | ఆదివారం, ఉదయం 8:20

తమ్ముడూ, మంచి ప్రశ్నే అడిగావు. దీనికి కాస్త వివరంగా రాస్తాను.

ఈ వందేళ్లలో ఖగోళంలో తెలిసిన పెద్ద సంగతుల్లో చాలా వాటిని ఎవరూ కంటితో చూడలేదు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని రేడియో టెలిస్కోపు గీసిన కాగితాలు తిరగేస్తుంటే, ఒకచోట గీత మళ్లీ మళ్లీ లేచి పడుతోంది. సరిగ్గా 1.337 సెకన్లకొకసారి. తప్పకుండా, తడబడకుండా. మొదట్లో వాళ్లు దానికి సరదాగా 'చిన్న ఆకుపచ్చ మనుషులు' అని పేరు పెట్టుకున్నారు. అది పల్సర్. సూర్యుడి కంటే ఎక్కువ బరువున్న పదార్థం ఇరవై కిలోమీటర్ల గోళంలోకి కుదించుకుపోయి, గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్ముతోంది. 1974లో నోబెల్ ఆమె గురువుకి ఇచ్చారు, ఆమెకి ఇవ్వలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, పల్సర్ అంటే తాళం. తాళాన్ని చూస్తామా, వింటామా?

ఇంకొకటి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు మొదటిసారి గురుత్వ తరంగాలని, అంటే భారీ వస్తువుల కదలికకి అంతరిక్షంలోనే లేచే అలలని, పట్టుకున్నాయి. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు బ్లాక్ హోల్స్, ఒకటి సూర్యుడికి 36 రెట్లు, ఇంకొకటి 29 రెట్లు బరువున్నవి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయాయి. పరికరాలు పట్టుకున్నది సెకనులో ఐదో వంతు మాత్రమే. సెకనుకి 35 సార్ల దగ్గర మొదలై 250 దాకా ఎగబాకిన కంపనం అది. మన చెవి వినగలిగే శ్రుతిలోనే ఉంది. స్పీకరుకి కలిపితే పిట్ట కూత లాగా 'వూప్' అని పైకి లేచి ఆగిపోతుంది. దాన్ని గ్రాఫులో చూసిన రోజు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. విన్న రోజు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

వాండా డియాజ్ మెర్సెడ్ అని ప్యూర్టోరికో శాస్త్రవేత్త ఉన్నారు. చదువుకునే రోజుల్లోనే చూపు పోయింది. టెలిస్కోపు అంకెలని శబ్దంగా మార్చుకుని, వింటూ పరిశోధన చేస్తున్నారు. ఎక్కువ అంకెకి పై స్థాయి స్వరం, తక్కువకి కింది స్థాయి. నాసా చంద్రా టెలిస్కోపు బృందం కూడా 2020 నుంచి ఇలాంటివి విడుదల చేస్తోంది. పెర్సియస్ గెలాక్సీ గుంపులోని వాయువులో పుట్టే తరంగం మన హార్మోనియం మధ్య స్వరానికి 57 స్థాయిల (ఒక 'స' నుంచి పై 'స' దాకా ఒక స్థాయి) కింద ఉంటుంది. దాన్ని చెవికి అందేంత పైకి తెచ్చి వినిపించారు. మాస్టారికి ముందు ఇవి వినిపించండి మేడం.

గరివిడి_కుర్రాడు | ఆదివారం, ఉదయం 8:45

ఇప్పుడే ఆ 'వూప్' విన్నాను సార్. నాలుగుసార్లు పెట్టుకున్నాను. నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను.

నాగావళి_అమ్మాయి | ఆదివారం, రాత్రి 9:30

సోంపేట మాస్టారూ, మీకెలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈరోజు జరిగింది రాస్తాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్నారు. పల్సర్ శబ్దం పెట్టాను. మొదట కదలకుండా విన్నారు. తర్వాత కుర్చీ చేతి మీద చూపుడువేలి గోటితో కొట్టడం మొదలుపెట్టారు. టక్, టక్, టక్. నేను ఫోన్ ఆపేసినా ఆయన ఆపలేదు. అదే లయలో కొడుతూనే "ఒకటింబావు సెకను కంటే కొంచెం ఎక్కువ. ఒకటీ మూడు మూడు ఉంటుంది" అన్నారు. మీరు రాసిన అంకె ఆయనకి నేను చెప్పనేలేదు! "ఇది నేను పిల్లలకి చెప్పిన పాఠమే. ఇరవై ఏళ్లు బోర్డు మీద గీత గీసి చూపించాను. ఇలా ఉంటుందని నాకే తెలీదమ్మా" అన్నారు. తర్వాత మా అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టుకుని వాడి అరచేతిలో తాళం వేసి చూపించారు.

ఆస్ట్రానమీ కాస్ట్ కూడా 0.8 వేగంలో పెట్టాను. పదిహేను సెకన్లు వెనక్కి వెళ్లే బటన్ మీద చిన్న ప్లాస్టర్ ముక్క అతికించాను. వేలితో తడిమి తనే నొక్కుకుంటున్నారు. ఒక భాగం వినడానికి గంటన్నర పట్టింది. అయినా తీసెయ్యలేదు.

బొబ్బిలి అన్నయ్యగారూ, అడిగాను. ఆ ధారావాహిక విన్నారట. ఆ ట్రాన్సిస్టర్ ఇంకా అటక మీద ఉంది.

కళింగతీరం | ఆదివారం, రాత్రి 10:10

మాది కళింగపట్నం దగ్గర మత్స్యకారుల ఊరు. నేను ఈ స్టార్‌డేట్ లాంటివి చాలా విన్నాను. అందులో నాకొక ఇబ్బంది ఉంది. వాళ్లు చెప్పే ఆకాశం వాళ్ల ఊరిది. 'ధ్రువ నక్షత్రం ఆకాశంలో సగం ఎత్తులో కనిపిస్తుంది' అంటారు. మా రేవులో నిలబడితే అది నేలకి అంత దగ్గరలో ఎందుకు కనిపిస్తోందా అని చిన్నప్పుడు తికమక పడేవాణ్ణి.

ఏ ఊరు భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉంటే, ధ్రువుడు ఆ ఊళ్లో అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మనం 18 దగ్గర ఉన్నాం. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే దిగంతం నుంచి రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ.

ఇక దక్షిణం వైపు తిరిగితే అగస్త్య నక్షత్రం. ఆకాశంలో సిరియస్ తర్వాత అంత వెలుగున్న నక్షత్రం ఇదే. అమెరికాలో చాలాచోట్ల అది అసలు పైకే రాదు, అందుకని ఆ కార్యక్రమాల్లో దాని ఊసు తక్కువ. మనకి ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకి సరిగ్గా దక్షిణాన, 19 డిగ్రీల ఎత్తులో నిలబడుతుంది. అదీ రెండు పిడికిళ్లే. ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన అగస్త్యుడు, ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తులో. మన శ్రీకాకుళం తీరానికి వచ్చిన భాగ్యం ఇది.

మా తాతకి ఈ డిగ్రీలు తెలియవు. వేగుచుక్క పొడిచిందా, పిల్లలకోడి ఎంతెత్తుకొచ్చింది అని చూసి బోటు తీసేవాడు. పిల్లలకోడి అంటే కృత్తికలు. ఆ గుంపు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని నేను పాడ్‌కాస్ట్‌లో విని తాతకి చెప్పాను. "అయితే నేను చూస్తన్నది మా ముత్తాతల నాటి వెలుగన్నమాట" అన్నాడు. ఒక్క మాటలో అర్థం చేసేసుకున్నాడు.

ఇలాంటివి తెలుగులో, మన తీరం నుంచి చెప్పేవాళ్లు కావాలి.

చీపురుపల్లి_ప్యాసింజర్ | సోమవారం, ఉదయం 6:50

రైల్లో ఉన్నాను, పొందూరు దాటాం. కళింగతీరం రాసింది రెండుసార్లు చదివాను.

తెలుగులో ఖగోళం అని వెతికితే నాకు ఎక్కువగా దొరికినవి 'ఆరు గ్రహాలు ఒకే వరుసలోకి, ఏం జరగబోతోంది' లాంటివి. ఒకదాంట్లో భూకంపం వస్తుందన్నారు. అది విని మా అమ్మ రెండు రోజులు టెన్షన్ పడింది. నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ గ్రహాలన్నీ కలిపి భూమ్మీద చూపించే ఆటుపోట్ల బలం మన చందమామ రోజూ చూపించే దాంట్లో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ సంగతి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఎవరూ చెప్పలేదు.

విజయనగరం పేరు చెప్పుకునే మనం ఇలా ఉండకూడదు. 1910లో హేలీ తోకచుక్క వస్తే ప్రపంచమంతా హడలిపోతున్న వేళ, ఆ ఊళ్లో కూర్చుని గురజాడ దాన్ని భూమికి దూరపు బంధువంటూ స్వాగతించారు. 76 ఏళ్లకొకసారి వచ్చే చుట్టం. 1986లో వచ్చి వెళ్లింది, మళ్లీ 2061లో.

బొబ్బిలి_వీణ | సోమవారం, ఉదయం 9:40

దానికీ ముందు మాట. 1840లోనే విశాఖ డాబాగార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని అక్కడి నుంచి గమనించారు. ఇంగ్లీషు పాడ్‌కాస్ట్‌లలో శుక్ర సంక్రమణం గురించి ఎన్నో విన్నాను. మన విశాఖ పేరు ఒక్కచోటా వినబడలేదు. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు నుంచి గమనించాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. దాన్ని కూడా మనమే చెప్పుకోవాలి.

సోంపేట_సైన్సు | సోమవారం, సాయంత్రం 5:30

నేను ఈ ఏడాది పిల్లలతో చేసిన ఒక పాఠం రాస్తాను. ఇది ఆడియోగా వస్తే ఎంత బాగుంటుందో అని అప్పుడే అనుకున్నాను.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లో, మళ్లీ అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాలని తాకుతాయి. మబ్బు పట్టకపోతే. పిల్లలని అడిగాను, ఎందుకా తేదీలే? మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానం, సెప్టెంబరు 23 ప్రాంతంలో మళ్లీ సమానం. ఆ రెండు రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మార్చి 10 మొదటిదానికి పది రోజుల ముందు. అక్టోబరు 2, రెండోదానికి తొమ్మిది పది రోజుల తర్వాత. రెండు సార్లూ సూర్యుడు తూర్పుకి దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఒకే చోట లేస్తాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే గుమ్మం ముందు నుంచి నడిచినట్టు. కట్టినవాళ్లు ఆ దిక్కుని ఎంచుకుని ద్వారాలు నిలిపారు.

ఒక పాప వెంటనే "మరి నడినెత్తికి కూడా రెండుసార్లు వస్తాడా సార్?" అంది. వస్తాడు. మనకి మే 13 అటూ ఇటూ, జూలై 30 అటూ ఇటూ మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. మేలో బిందె బోర్లించి చూశాం. నీడ దాని కిందికి దూరిపోయింది. జూలైలో మబ్బు పట్టింది.

నాగావళి_అమ్మాయి | సోమవారం, రాత్రి 9:05

ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. అరసవల్లి దగ్గర ఆపమన్నారు. "ఆ పాఠం నేను చెప్తాను. నువ్వు రికార్డ్ చెయ్యి" అన్నారు.

ఫోన్ బల్ల మీద పెట్టి, ఫ్యాను ఆపేసి, తలుపులు వేశాం. మొదటిసారి చెప్పినప్పుడు 'విషువత్తు', 'క్రాంతి' అంటూ పాఠ్యపుస్తకంలా వచ్చింది. ఆయనే ఆపేశారు. రెండోసారి మా అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. వాడు చేతులు చాచి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఉత్తరం, కుడి చెయ్యి దక్షిణం, ముక్కు తూర్పు. ఆయన వాడి కుడి భుజం పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతూ "ఇదిగో డిసెంబరులో సూర్యుడు ఇంత దూరం వెళ్లాడు. ఇప్పుడు వెనక్కి వస్తున్నాడు, ఇదిగో మార్చి" అంటూ చెప్పారు. వాడు మధ్యలో అడిగిన ప్రశ్నలు కూడా అలాగే ఉంచాను. ఏడు నిమిషాలు వచ్చింది. చివర్లో వీధిలో ఐస్‌క్రీం బండి గంట వినిపిస్తుంది, తీసెయ్యలేదు.

ఇక్కడ పెడుతున్నాను. విని తప్పులుంటే చెప్పండి. బ్లాక్ హోల్ అనాలా, కృష్ణబిలం అనాలా అని కూడా ఆయనకొక సందేహం ఉంది.

గరివిడి_కుర్రాడు | సోమవారం, రాత్రి 9:40

విన్నాను అక్కా. నేనూ మంచం మీద కూర్చుని చేతులు చాచి తిరిగాను. పదో తరగతిలో బట్టీ పట్టిన సంగతి ఈరోజు తెలిసింది.

మాట గురించి నా అభిప్రాయం: మొదటిసారి కృష్ణబిలం అని, వెంటనే బ్లాక్ హోల్ అని రెండూ చెప్తే సరిపోతుంది. తర్వాత ఏది నోటికొస్తే అది. ఎడిటింగ్ నాకు కొంచెం వచ్చు. కావాలంటే శబ్దం శుభ్రం చేసి ఇస్తాను. గంట మాత్రం ఉండనివ్వండి.

బొబ్బిలి_వీణ | సోమవారం, రాత్రి 10:00

మాస్టారి గొంతు రేడియో గొంతు. తర్వాతి భాగం విశాఖ అబ్జర్వేటరీ మీద చెయ్యమనండి. నా దగ్గరున్న వివరాలు ఫోన్లో చెప్తాను, ఆయన రాసుకునే పని లేకుండా.

కళింగతీరం | సోమవారం, రాత్రి 10:25

చెల్లెమ్మా, ఫిబ్రవరి రెండో వారంలో నాన్నగారిని మా ఊరు తీసుకురండి. అమావాస్యకి దగ్గర రోజు చూసుకుందాం. ఆయన పిడికిళ్లు నేను పట్టుకుని ధ్రువుడి దాకా ఒకసారి, అగస్త్యుడి దాకా ఒకసారి ఎత్తిస్తాను. రెండూ ఎంత ఎత్తో ఆయన భుజానికే తెలుస్తుంది. అలల చప్పుడు వెనకాల వినబడుతుంది, అక్కడే రికార్డ్ చేద్దాం.

నాగావళి_అమ్మాయి | సోమవారం, రాత్రి 10:50

చదివి వినిపించాను అన్నయ్యా. ఏమీ అనలేదు. కుర్చీలోంచి లేచి, ఉత్తరం ఎటో నన్నడిగి, చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెట్టి చూసుకున్నారు. మఫ్లర్ తీసి పెట్టమన్నారు. ఇంకా నెలన్నర ఉంది నాన్నా అంటే, అయినా తీసి పెట్టమన్నారు.